ఏడు

సొహార్‌లో పొద్దున్న ఐదూ నలభైకి
బస్సులో మొదట ఎక్కేది నేను.
రెండోవాడు రుత్విజ్.
కుడివైపు, కిటికీ పక్కన, చక్రం మీద సీటు.
అందులో ఇంకో పిల్ల కూర్చుందా,
ఆ రోజుకి మా అందరి పనీ అయినట్టే.

మూడో తరగతి. మాట తక్కువ, పన్ను ఎక్కువ.
నా ఎడం చేతి మీద నెలవంకలా ఇంకా ఉంది, చూడండి.
తొమ్మిదేళ్ళు వాళ్ళింటా వీళ్ళింటా పనిచేసిన చెయ్యి,
దీనికి ఇంతకన్నా పెద్ద మచ్చలున్నాయిలెండి.

వాడికి స్కూల్లో చాలా పేర్లు.
మొండి, పొగరు, మెంటలు.
పిల్లలు పెట్టినవి కొన్ని, పెద్దాళ్ళు పెట్టినవి కొన్ని.
కాగితంలో రాసిన పేరు మాత్రం నేను చదవలేను,
ఇంగ్లీషులో ఉంది, పొడుగ్గా ఉంది.

షైనీ మిస్ కొత్తగా వచ్చింది, కోజికోడ్ ఆవిడ.
మెట్ల కింది స్టోర్ రూము ఖాళీ చేయించి
ఒక చాప, రెండు దిళ్ళు, ఒక ఇసుక గడియారం పెట్టింది.
కోపమొచ్చిన పిల్లలు వచ్చి కూర్చోవచ్చంట.
శిక్ష కాదంట.
ఈ దేశంలో ఇసుక్కేం కొదవ, అని నవ్వాను.
ఆవిడ నవ్వలేదు.
"జారిపోవడం కళ్ళతో చూస్తారు ఆంటీ" అంది.
హిందీలో అంది, నాకు తెలుగులో అర్థమైంది.

మీటింగుకి నన్నూ పిలిచారు.
ఏసీ గది. కుర్చీ అంచున కూర్చున్నాను.
వాళ్ళమ్మ, క్లాసు టీచరు, ఫైలు,
పోర్టులో నైటు డ్యూటీ దిగి అలాగే వచ్చేసిన వాళ్ళ నాన్న,
ఒళ్ళో హెల్మెట్టు.
ఎవర్ని కొట్టాడు, ఎవర్ని కరిచాడు, తేదీలన్నీ చదివారు.
ఎందుకు అన్న గడి ఖాళీ.

నేను తేదీలు వింటున్నాను.
ఆదివారం. బుధవారం. మళ్ళీ ఆదివారం.
పైపులకోసం రోడ్డు తవ్వేసిన రోజులు.
డ్రైవర్ దాద్ కరీమ్ బస్సుని
వెనక సందులోంచి తిప్పిన రోజులు.

వాడు రౌండబౌట్లు లెక్కపెడతాడు.
నోరు తెరవడు, పెదాలు కదుపుతాడంతే.
ఒకటి, కాఫీ కూజా. రెండు, చేపలు.
ఆరు, పెట్రోలు బంకు దగ్గరి గడ్డి.
ఏడు, తెల్ల గుమ్మటం. దాని వెనకే స్కూలు గేటు.
సందులోంచి పోతే ఏడు రాదు.
ఆరు అవగానే గేటు వచ్చి మీద పడుతుంది.
ఏడు లేని లోకంలో దిగాలి వాడు,
అంతమంది అరుస్తున్న అసెంబ్లీలోకి.

అంత చదువుకున్నాళ్ళ ముందు ఇదంతా ఎలా చెప్పను?
ఏడు వేళ్ళు చూపించాను.
ఒకటి మడిచాను.
వాళ్ళ నాన్న హెల్మెట్టు కిందపడి దొర్లింది.
"ఇంట్లో మెట్లు కూడా..." అన్నాడు,
ఇంకేమీ అనలేకపోయాడు.

ఇప్పుడు దారి మారితే ముందురోజే చెప్తాం.
దాద్ కరీమ్ బిస్కెట్ల అట్ట వెనక
వంకరటింకర రోడ్డు గీసి ఇస్తాడు.
"రేపు ఆరే నాన్నా" అంటాను.
ఆరు, అంటాడు. మళ్ళీ ఆరు. ఇల్లొచ్చేదాకా ఆరు.
లోపల మండేది కాస్త ఆరుతుంది.

మన భాషలో ఏడు అంటే ఏడవమని కూడా కదా.
ఏడు, పర్లేదు, అని పిల్లాడితో అనేవాళ్ళు
ఒక స్కూల్లో ఎంతమందుంటారు?

అంతా బాగైపోలేదు.
మొన్న ఫైర్ డ్రిల్లు గంటకి బెంచీ కిందికి దూరి
ఎంతసేపటికీ రాలేదు.
షైనీ మిస్ చీరతోనే నేలమీద పడుకుంది వాడికెదురుగా,
పిలవకుండా, ముట్టుకోకుండా.
జనం దాటుకుంటూ పోయారు.
ఆవిడ కాంట్రాక్టు జూన్ దాకానేనంట.

నిన్న కొత్తగా ఎల్కేజీ పిల్ల ఎక్కింది,
వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తోంది, పేరు కూడా చెప్పడం లేదు.
వాడు కిటికీలోంచి చూపు తిప్పలేదు.
కొద్దిగా జరిగాడు.
చక్రం మీద సీటు. వాడి సీటు.
"ఒకటి" అన్నాడు, నోరు తెరిచి.

కాఫీ కూజా వచ్చింది.