ఎవరూ మేపని పచ్చిక

నరీన్ ఆసుపత్రిలో ఎక్స్‌రే గది మెట్ల కింద.
బిష్కెక్ నుంచి ఆరు గంటలు వ్యాన్‌లో వచ్చాను,
మోకాళ్ళ మధ్య పనిముట్ల సంచి,
పక్కసీటులో ఎవరిదో గుర్రప్పాల డబ్బా
దారంతా పులుస్తూ.

తొక్తొసున్ కంప్యూటర్ మీది గుడ్డ తీశాడు
నిద్రపోతున్న పిల్లాడి దుప్పటి తీసినట్టు, మెల్లిగా.
విండోస్ ఎక్స్‌పీ.
కన్నవాళ్ళే చేతులు దులుపుకుని చాలా ఏళ్ళయింది.
కొత్తది పెడదామంటే యంత్రం ఒప్పుకోదు.
దాన్ని తయారుచేసిన కంపెనీ
ఇప్పుడు వంటింటి అల్మారాలు అమ్ముతోందట.
యంత్రానికి ఈ ఒక్క భాషే వచ్చు,
ఈ భాష మాట్లాడేవాళ్ళు
ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు.

గడియారం పక్కన చిన్న డాలు బొమ్మ.
"మీ కంప్యూటర్ సురక్షితం" అంటుంది రోజుకోసారి,
ఎవరూ అడక్కపోయినా.

ఆ యాంటీవైరస్ పెట్టింది నేనే.
అంతకు ముందున్నది
తొమ్మిదేళ్ళ నాటి దొంగల జాబితా పట్టుకుని
గుమ్మంలో కూర్చునేది.
అందులో సగం దొంగలు ఈపాటికి
మనవళ్ళని ఆడిస్తూ ఉంటారు.
పోయిన శిశిరంలో వెతగ్గా వెతగ్గా
పాతవాటికి ఇంకా కాపలా పంపే కంపెనీ ఒకటి దొరికింది,
అదీ డిసెంబరు దాకానే.
బిగించి, డబ్బు తీసుకుని,
ఇంక భయం లేదని చెప్పి వెళ్ళాను.
భయం లేదన్నాను. ఆ మాట అన్నాను.

అది కదిలినప్పుడల్లా
పక్కటెముక తెరమీదికి రావడానికి పదకొండు నిమిషాలు.
జనం చొక్కాలు విప్పుకుని చలిలో నిలబడ్డారు.
సోమవారం ఎట్టకేలకు అది ఒకడిని పట్టుకుంది:
ఎక్స్‌రే యంత్రం డ్రైవర్‌నే.
పేరు తెలియదు, ఊరు తెలియదు,
పాతవాడు, అనుమానం అని
లోపల వేసి తాళం పెట్టింది.
కంచె చేను మేసింది.
కంచె నాటినవాణ్ణి నేను,
ఆరు గంటలు వ్యాన్‌లో అదే నమిలాను.

బల్ల మీద కొజోమ్‌కుల్ అనే కాపరి,
గుర్రం పడేస్తే మెడ కింది ఎముక విరిగింది,
తువ్వాలుతో చెయ్యి మెడకి కట్టుకున్నాడు.
నా భుజం మీదుగా తెర చూశాడు,
ఆ పచ్చటి గుట్ట, ఆ నీలాకాశం.
"ఎవరిదా పచ్చిక?"
ఎవరిదీ కాదన్నాను.
"ఒక్క పేడకడి లేదు. గడ్డి కొరికిన జాడ లేదు."
నొప్పిని పళ్ళకింద పట్టి ఇంకాస్త వంగాడు.
"అంత పచ్చగా ఉండీ ఎవరూ మందని తోలలేదంటే
తోడేళ్ళుంటాయి."

నేను నవ్వబోయి ఆగాను.

డ్రైవర్‌ని విడిపించాను.
డాలుని తీసేశాను,
నిజంగా తీసెయ్యనా అని మూడుసార్లు అడిగింది.
తర్వాత బల్ల కిందికి పాకి
గోడలోంచి నెట్ కేబుల్ పీకాను.
అంతే. ఇరవై ఏళ్ళ చదువు
చివరికి ఒక తీగ లాగడానికి.
నర్సు ఐజిరెక్ ఆ కన్నం మీద
గాయానికి వేసినట్టు ప్లాస్టర్ వేసి,
అలవాటుగా తేదీ రాసింది.
పెన్‌డ్రైవ్‌లన్నీ ఏరి తన జేబులో వేసుకుంది.
పెద్ద డాక్టరుకి ఇకనుంచి
తెరకి ఫోన్‌తో ఫోటో తీసి పంపుతుందట,
కాస్త వంకరగా వచ్చినా
విరిగింది విరిగినట్టే కనిపిస్తుంది.

నాలుగు నిమిషాల్లో కొజోమ్‌కుల్ ఎముక
తెల్లగా, రెండుగా.
"అదా నేను?" అన్నాడు.

ఎంతకాలం నడుస్తుందని తొక్తొసున్ అడిగాడు.
లోపలి ట్యూబు పోయేదాకా అన్నాను.
ఈసారి భయం సంగతి ఎత్తలేదు,
డబ్బు కూడా వ్యాను ఛార్జీ మటుకే తీసుకున్నాను.

బయట మంచు మొదలైంది.
గుడ్డ కప్పబోతూ అతను ఆగి,
డాలు ఉండే మూల, ఇప్పుడేమీ లేని చోట,
ఒకసారి నొక్కి చూశాడు.