చెట్టున్న చోటు

మహేంద్రతనయలో తొడలదాకా నీళ్ళున్న రోజుల్లో
ఆదివారం అవతలి ఒడ్డున ఉండేది.
ఇవతల మేం.
అయ్య భుజాల మీద నేను,
నా మెడలో తాడు కట్టిన అయ్య చెప్పులు,
గుడ్డసంచిలో పాటల పుస్తకం.

కాసేపు కిందికి చూస్తే
నీళ్ళు ఆగిపోయి
మేమే కొట్టుకుపోతున్నట్టుండేది.
అయ్య జుట్టు రెండు చేతులా పట్టుకుని కేక పెట్టేదాన్ని.

"నీలు సూడకే గుంటా.
అదిగో, ఇప్పసెట్టు. దాన్నే సూడు.
నీల సంగతి నాను సూసుకుంతాను."

ఆ చెట్టు ఏమంత గొప్పది కాదు.
పిడుగు పడి ఒక పక్క నల్లబడింది.
మేకలు అందినంత మేర మేసేసేవి.
అయినా ఆ పూట నా లోకంలో
కదలనిది అదొక్కటే.

ఇప్పుడు బరంపురం పెద్దాసుపత్రి.
మూడో అంతస్తు, పిల్లల వార్డు.
మా ఒబేదుకి తొమ్మిదేళ్ళు.
వాడి నెత్తుట్లో కణాలు కొడవళ్ళలా వంగిపోతాయని
డాక్టరు చీటీ వెనక గీసి చూపించాడు.
ఒక వంపు నాదట, ఒకటి వాళ్ళ నాన్నదట.
సెంటు భూమి లేని ఇంట్లో
పిల్లాడికి మేం రాసిచ్చింది కొడవళ్ళు.

ఆయన సూరత్‌లో రైలెక్కానన్నాడు.
రేపు రాత్రికి గాని రాడు.

మంచం పక్కన పెట్టె మీద పచ్చ అంకెలు.
తొంభై నాలుగు. తొంభై ఒకటి. ఎనభై తొమ్మిది.
ప్రార్థన చేస్తున్నాననుకుంటూ
అంకెలు చదువుతున్నాను.
కళ్ళు మూస్తే రెప్పల లోపల కూడా పచ్చగా అవే.

"ప్రభువు వైపు చూడమ్మా" అన్నారు పాస్టరుగారు ఫోనులో.
ఎటువైపండీ?
ఆ మాట గొంతు దాటలేదు.
సిగ్నలు పోయిందనుకుని ఆయన పెట్టేశారు.
మోకరిద్దామంటే మంచాల మధ్య చోటు లేదు.
నేల మీద ఇంకో తల్లి, కొంగు కప్పుకుని పడుకుంది.
కోపం వచ్చింది. ఆయన మీద కాదు,
ఆయన చూడమన్న వాడి మీద.
దాచి లాభం లేదు, వాడికి తెలుసు.

తుఫాను వచ్చిన ఏడు
ఇప్పచెట్టు వేళ్ళతో సహా పోయింది.
పై ఆదివారం నీళ్ళు ఎర్రగా సుడులు తిరుగుతున్నాయి.
భుజాలెక్కే వయసు దాటిపోయి
అయ్య చెయ్యి పట్టుకుని దిగాను.
"సెట్టు లేదు కదయ్యా, యేటి సూసేది?"
నది మధ్యలో అయ్య ఆగాడు.
కాలు కుదిరేదాకా ఏమీ అనలేదు.
"సెట్టున్న సోటు ఉంది కదే.
అక్కడే సూడు."

ఖాళీని చూస్తూ దాటాను.

ఇన్నేళ్ళకి, ఫినాయిలు వాసనలో,
ఒకటి గుర్తొచ్చింది.
నేను చెట్టును చూస్తున్నంతసేపూ
అయ్య చెట్టును చూడలేదు.
తల వంచుకునే నడిచాడు.
కాలివేళ్ళతో రాయి రాయినీ తడుముతూ
నేను చూడకూడదన్న నీళ్ళనే
ఆ ఒడ్డు చేరేదాకా చూశాడు.

ఎనభై ఎనిమిది.
స్టూలు కొంచెం పక్కకి తిప్పుకున్నాను.
సిస్టరు వచ్చి ఒబేదు ముక్కు దగ్గర గొట్టం సర్ది
"భొయొ కొరొనాహి, మా" అంది.
పుట్టినప్పట్నుంచీ తెలుగులో వింటున్న మాటే.
ఒడియాలో విన్నాక చెవికెక్కింది.

కిటికీ అవతల చీకటి.
దీపం లేదు, చుక్క లేదు.
అక్కడే చూశాను.

"యేటి సూస్తన్నావమ్మా?" ఒబేదు కళ్ళు తెరిచాడు.
వాడి వేళ్ళు నా వేళ్ళలోకి తీసుకున్నాను,
సూది గుచ్చని చేతివి.

ఇంకా నది మధ్యలోనే ఉన్నాం.