వాన ముందా, వాన వెనకా

బెలేంలో గడియారంతో పనిలేదు.
"వాన ముందొస్తావా, వాన వెనకొస్తావా?"
ఫోనులో అమ్మ అడిగేది అంతే.
మధ్యాహ్నం నది మీంచి లేచొచ్చే వాన
రేకుల మీద గుప్పిళ్ళతో గులకరాళ్ళు విసిరి
అరగంటలో తన దారిన పోతుంది.

ఆ అరగంటే చెడ్డది.
జల్లు కొడుతుందని కిటికీ మూస్తాం.
మూసిన గదిలో అమ్మ
నేయిడె జుట్టు పాయలు పాయలుగా విడదీసి
సీసాలోని తెల్లటి జిగురు పూసి
కాగిన పలకల మధ్య పెట్టి నొక్కుతుంది.
చుయ్‌మంటుంది.
పొమ్మనలేక పొగబెట్టినట్టు
వంకీలన్నీ ఒక్కొక్కటే ఇల్లు ఖాళీ చేస్తాయి.
నేయిడె తడిగుడ్డతో కళ్ళొత్తుకుంటూ
"ఈసారి ఘాటు తక్కువే" అంటుంది.
అమ్మ దగ్గుతూ నవ్వుతుంది,
లేదా నవ్వుతూ దగ్గుతుంది.
పదమూడేళ్ళుగా నాకు తేడా తెలీలేదు.

నాన్నకి వైద్య కళాశాలలో
శవాల తొట్టెల దగ్గర పని.
ఏడింటికి ఆయన వచ్చేవాడు, ఎనిమిదింటికి ఆవిడ.
ఇద్దరి చొక్కాలూ ఒకే బకెట్లో నానేసేదాన్ని.
ఏది ఎవరిదో ముక్కుకి తెలిసేది కాదు.
చిన్నప్పుడు ఇల్లంటే ఆ వాసనే అనుకున్నాను.
పక్కింటి జాందిరా వాళ్ళింట్లో
చేపల పులుసు వాసన తప్ప ఇంకేం లేకపోతే
పాపం, వీళ్ళకి ఉద్యోగాల్లేవేమో అనుకున్నాను.

నాన్నకి మాస్కు ఇచ్చారు,
మోచేతుల దాకా తొడుగులిచ్చారు,
గోడలో పెద్ద పంకా, గోడ మీద పుర్రె బొమ్మ.
చచ్చినవాళ్ళ దగ్గర అన్ని జాగ్రత్తలు.
అమ్మకి కంపెనీవాడు ఒక క్యాలెండరు ఇచ్చాడు.
అందులో నెలకొకరు చొప్పున
నున్నటి జుట్టు ఆడవాళ్ళు.

సీసా ముందువైపు ఆకుపచ్చ ఆకు,
"ఫార్మాలిన్ లేదు" అని బంగారు అక్షరాలు.
వెనకవైపు చీమల బారు.
తాతయ్య భూతద్దం పెట్టి చూశాను.
పేరు మార్చుకుని తిరిగే బాకీదారులా
నాలుగో వరుసలో నక్కి ఉంది:
మిథిలీన్ గ్లైకాల్.
నాన్నకి చూపించాను.
ఆయన చదవలేదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని
"ఇతన్ని నేను రోజూ కలుస్తాను" అన్నాడు.

అమ్మకి కోపం, నా మీద, భూతద్దం మీద.
"వంకీల జుట్టుతో నేయిడెని
బ్యాంకు కౌంటర్లో కూర్చోనిస్తారా?
మన అద్దె నువ్వు కడతావా?"
అవ్వ ఇచ్చిన అందిరోబా నూనె అటక మీదుంది.
చేదు కంపు. దోమలు పోతాయి, వంకీలు పోవు.
దానికి కూడా ఎవడో ఆకుపచ్చ ఆకు అంటించి
సంతలో మూడింతలకి అమ్ముతున్నాడు.

ఆ గురువారం, వాన ముందు, సులామీతా వచ్చింది.
ఏడో నెల.
"బిడ్డ పుట్టేలోపు ఒక్కసారి, ఫోటోలకి."
అమ్మ కుర్చీ తుడిచింది, మెడ చుట్టూ గుడ్డ కట్టింది.
గుడ్డ పొట్ట మీద గుడారంలా లేచింది.
గుడారం లోపల ఎవరో మోచేత్తో పొడిచారు.
సొరుగు దాకా వెళ్ళిన చేయి అక్కడే ఆగింది.
"సీసా అయిపోయిందమ్మా."
సగం సీసా నా మోకాలికి తగులుతూనే ఉంది.

జడ వేసి డబ్బు వద్దంది.
సులామీతా అద్దంలో జడ చూసుకుని
మొహం మాడ్చుకుని లేచింది.
వాన మొదలైంది. గొడుగు విప్పి, రోడ్డు దాటి,
ఎదుటి సెలూన్లోకి వెళ్ళింది.
మేం గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండగానే
అక్కడ కూడా కిటికీ మూశారు.

రాత్రి కొత్త సరుకు పెట్టె దింపి
"వెనకవైపు చదువు" అంది అమ్మ.
చదువురానివాళ్ళకి ఉత్తరం చదివినట్టు
ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ చదివాను.
ఐదో పేరు దగ్గర నోరు తిరగలేదు.
"మళ్ళీ" అంది,
కిటికీ గడియ తీస్తూ.