తెల్ల దుప్పటి

సువైఖ్ దాటి లోపలికి, నిమ్మతోటల వెనక,
అమాస ముందటి బేస్తవారం.
మగ్రిబ్ నమాజైనంక మూడు కార్లొచ్చినయి.
సైన్సు చెప్పే సుహైల్ సారు, ఆయన బిడ్డ షైమా,
దవాఖాన నర్సు మారిసెల్, మందుల షాపు బిజూ,
బడి పిల్లలు తొమ్మండుగురు.
రాత్రి పురుగులను లెక్కవెడ్తరట.
లైటు తెచ్చిన్రు, గుడ్ల అట్టలు తెచ్చిన్రు,
గాజు బుడ్లు, కాయితాలు, ఫ్లాస్కు నిండ కావా.
దుప్పటి మరిచిన్రు.

"ఓదేలూ, తెల్ల బట్టేమన్న ఉన్నదా?" అన్నడు అర్బాబు.
రూముల ఒక్కటే ఉన్నది, పై మంచం మీద, మడతవెట్టి.
రాజలింగుది.
ఏడు నెలల కింద ఖల్లివెల్లి అయిండు రాజలింగు.
పతాకా అర్బాబు బీరువాల ఉన్నది,
దుప్పటి మా తాన ఉన్నది,
మూలకు ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ, పడవోలె.

రెండు ఖర్జూరం చెట్ల నడుమ గుంజి కట్టిన.
జనరేటరు దగ్గి దగ్గి అందుకున్నది.
ముందుగాల తవుడంత పురుగులు,
అటెన్క గోరంతయి, బూడిద రంగువి.
షైమా గుసగుసగ లెక్కవెడ్తున్నది,
వాహద్, ఇత్నేన్, తలాతా.
గన్నేరు చెట్టు దిక్కు నుంచి ఒకటొచ్చి వాలింది,
పచ్చగ, అరచెయ్యంత.
అందరు ఊపిరి బిగవట్టిన్రు. జనరేటరు తప్ప.

"వెలుగు మీద ప్రేమ కాదు," అన్నడు సారు,
"మీది దిక్కేదో తెలువక
వీపు దాని దిక్కు తిప్పుతయి, గంతే.
ఇగ అక్కన్నే తిరుగుతయి."

నేను చెప్పలే,
మా నాయిన మద్దిచెట్ల మీద దసలి పురుగును కాసేటోడని,
వడిసెలతోని కాకులను కొట్టేటోడని,
కాయ చీల్చుకొని వచ్చే ఆ రెక్కల పురుగుకు
నోరుండదని.
నోటిని అరబ్బీల ఏమంటరో ఎరుకే.
మాఫీ అనుడు ఎరుకే.
రెండు కలిపి చెప్ప బుద్ధి కాలే.

పదకొండు దాటింది.
ఫలజ్ కాలువ అవుతల, ఎండిన మట్టల కాడ
ఒకడు నిలవడ్డడు.
గడ్డం పెరిగింది, మెడ ఒంగింది,
కాని ఆ నిలవడుడు నాకెరుకే.
అర్బాబు కొడుకు ఫోన్ల ఫొటోలు తీస్తున్నడు,
ఇంకో నాలుగడుగులు తిరిగితే అటే చూస్తడు.

జనరేటరు మీద చెయ్యి వేసిన.
చీకటి.
"పెట్రోలు," అన్న గట్టిగ.
పిల్లలు నవ్విన్రు, ఎవలో కావా ఒలకవోసిన్రు.
కాలువ దుంకి పోయిన.
చేతిల ఉన్న ఖుబ్జు కట్ట వానికిచ్చిన.
"నా దుప్పటే గదరా అది?"
"ఆఁ. ఉతికిందే."
ఎక్కడుంటున్నవని అడగలే.
తెలిస్తే, అడిగినోనికి చెప్పాల్సొస్తది.
మట్టలు చిటపటమన్నయి, ఆగినయి.

మళ్ల లైటు. పురుగులు మళ్ల మొదటికెల్లి.

పోయే ముందు సారు కాయితం చదివిండు,
ముప్పై నాలుగు రకాలు.
"కాలువ అవుతల ఒక పెద్దది వచ్చింది,
దాన్ని రాయలేదు," అన్నది షైమా.
సారు నా దిక్కు చూసిండు.
కలం మూత వెట్టిండు.
"రెక్కలున్నయే రాస్తం, తల్లీ."

తెల్లారి దుప్పటి విప్పితే
మచ్చ పక్కన గుడ్లు, ఆవగింజలోలె,
వరుస తప్పకుంట పదకొండు.
బకెట్ల నీళ్లు నింపిన, సబ్బు తీసిన.
కొంచెంసేపు నిలవడ్డ.
ఉతకలే.
మడత వెట్టకుంట
పై మంచం మీద పరిచిన.