ఉత్తపుణ్యానికి ఒక ముక్క

సోహార్ క్యాంపుల పైసల ఆట బంద్.
అందుకే మా బెట్లన్నీ శనగలే,
పాలపొడి డబ్బాల నిండా ఎండు శనగలు.
నెలాఖరుకు ఎవని డబ్బా బరువుంటే
ఏసీ కింది మంచం వానిది.

నేర్పింది రోడెల్, క్రేన్ నడిపే ఫిలిప్పీనోడు.
ఏడు ముక్కలు.
రెండు మూసి, నాలుగు తెరిచి, ఆఖరుది మళ్ల మూసి.
అండ్ల అయిదు ఏరి చూపాలె,
తక్కువున్నోడిదే గెలుపు.
మొదటి రాత్రి రాజు పడితే చప్పట్లు కొట్టిన నేను.
"ఇక్కడ రాజు బరువు, భాయ్" అన్నడు రోడెల్.
ఆసు, రెండు, మూడు, నాలుగు, అయిదు:
ఇంతకన్న చిన్నది లేదు, ఇంతకన్న పెద్దది లేదు.

మూడు ముక్కలు పంచినంక
నాలుగో దాని నుంచి
ముందు చిన్న ముక్కలున్నోడే మొదట మాట్లాడాలె.
మాట్లాడకపోతే
మంచం కోడు మీద వేలి కణుపుతోని ఒక దెబ్బ.
దాని పేరు చెక్.
ఎదుటోడు కడతడు. నువ్వు దానిమీద రెట్టింపు కడతవ్.
చెప్పనీకి ఇంతే.
ఎప్పుడు కొట్టాలె అన్నది తెల్వనీకి
నాకు రెండు ఎండకాలాలు పట్టింది.

లింబాద్రి మీద కొట్టొచ్చు.
వాడు పొయ్యి మీది పాలసొంటోడు, ఆగడు.
ఆ రాత్రి నా లోపల ఆసు, మూడు,
బయట అయిదు, నాలుగు. గట్టిగనే కట్టుకుంట వచ్చిన.
అయిదో ముక్క ఏడు పడ్డది.
వాని ముందట ఆరు, రెండు, ఎనిమిది.
మిగిలిన ఏడ్లు ఎవ్వని ముందటా కనవడలే.
అంటే నా లోపల ఇంకో ఏడున్నదని, జత పడి చెడిపోయిన్నని
వాడు నమ్మనీకి జాగ ఉన్నది.
నేను నిట్టూర్చలే. నిట్టూరిస్తే నాటకమైతది.
కోడు మీద ఒక దెబ్బ, అంతే.
వాడు గుప్పెడు శనగలు నూకిండు.
నేను రెండు గుప్పెళ్లు.
వాని మొఖం చూసి బిజు లేచి ఛాయ్ పెట్టనీకి పోయిండు.

బిజు మీద మాత్రం కొట్టొద్దు.
నువ్వు దెబ్బ కొడితే వాడూ కొడతడు,
నిమ్మళంగ, కండ్లు కూడ ఎత్తకుంట.
అప్పుడు తర్వాతి ముక్క వానికి ఉత్తపుణ్యానికి పోతది.
ఆ ముక్కతోనే నిన్ను ముంచుతడు.

ఇదంతా తెలిసినోన్ని నేను.

అయిదు నెలల జీతం ఆగింది.
బిస్కెట్ డబ్బాల నూట ముప్పై ఎనిమిది గేటు చిట్టీలు,
ప్రతిదాని మీద తారీఖు, టైము.
ఫెర్నాండెజ్ సారు పోర్టకాబిన్‌ల పిలిచిండు.
"టేబుల్ మీద పరువు" అన్నడు లింబాద్రి.
నేను వాని మోకాలు నొక్కిన.
రెండు నెలలే చేసిన్రని ఆయన నోటితోని అననీ,
కాయితం మీద రాయనీ, ముద్ర కొట్టనీ,
అప్పుడు పరుద్దాం.

ఆయన మమ్ముల జూసిండు. డబ్బాను జూసిండు.
పెన్ను మూతతోని టేబుల్ మీద ఒక్కసారి తట్టిండు.
"ఆదివారం రండి."

ఆ మనిషి బిజు అని నాకు అప్పుడు తట్టలే.

ఆదివారం పోతే పోర్టకాబిన్ లేదు.
ట్రైలర్ మీద ఎత్తుకపోయిన్రట, పొద్దుగాలే.
నాలుగు సిమెంటు దిమ్మెలు,
నడుమ, ఎండ తగలని పాత జాగల,
కాళ్లు చాపుకోని ఒక పిల్లి.

బేస్తారం మెస్సు మూసిన్రు.
శనగలు నానవెట్టినం, అందరి డబ్బాలు ఒంపి.
అన్నిట్ల ఓడిపోయిన లింబాద్రి దగ్గర
అన్ని శనగలు ఎక్కడివని
ఎవ్వరం అడగలే.
ఉప్పు ఎక్కువైంది. తిన్నం.

తెల్లారి లేబర్ ఆఫీసు మెట్ల మీద
నాకంటే ముందు చౌకీదారు ఒక్కడే ఉన్నడు.
బిస్కెట్ డబ్బా ఒళ్లె వెట్టుకున్న,
మూత తీసి.