రెండు విజిళ్లు

బల్లార్‌పూర్‌ల నిశ్శబ్దం ఊరికే దొరకదు,
కొనుక్కోవాలె, అదీ వాయిదాల మీద.
పగలు మూడింటికి గనిల బ్లాస్టింగు,
షోకేసుల గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకుంటయి.
పేపర్ మిల్లు సైరన్‌కు అందరి ఆకలి వేళలూ తెలుసు.
యార్డుల బొగ్గు వ్యాగన్లు రాత్రంతా
కట్టేసిన బర్రెల లెక్క గొలుసులు విదిలిస్తయి.

నాకు మిగిలింది ఆదివారం పొద్దున,
నాగ్‌పూర్ ప్యాసింజర్ పోయినంక
వెల్డింగ్ షాపు షట్టర్ లేవకముందు, యాభై నిమిషాలు.
సబ్‌స్టేషన్‌ల ఎలక్ట్రీషియన్ని,
కరెంటు ఎప్పుడు పోతదో ముందే తెలుస్తది,
ఆ నౌకరీతోని నా సంగీతానికి ఒరిగిన లాభం అదొక్కటే.

సెకండ్‌హ్యాండు మైకు. నాందేడు నుంచి వచ్చిన రికార్డింగు పెట్టెకు
ఒక గుబ్బ లేదు, టూత్‌పేస్టు మూత బిగించిన.
కిటికీకి మా అత్తమ్మ కుట్టిన బొంత.
బీరువా తలుపులు బార్లా తెరిచి
చీరలన్నీ నా దిక్కు చూసేటట్టు పెట్టిన.
పట్టుకంటె నూలే శబ్దాన్ని బాగా మింగుతది
అని విమలకు చెప్తే,
"ఇన్నేండ్లకు నా చీరల గుణం కనిపెట్టినవ్" అన్నది.

మే నెల. కూలర్ బంద్, ఫ్యాన్ బంద్.
పది కొట్టకముందే నలభై డిగ్రీలు.
తీగ సాగుతది, శ్రుతి జారుతది,
మోచేతి చెమట చెక్క మీద ఏదో దేశపటం గీస్తది.
లావుతీగ మీద వేలు జరిగితే కీచుమంటది,
ఆ కీచు పోవాలని పదకొండు సార్లు వాయించిన.
పన్నెండోసారి కీచు లేదు.
దాంట్ల నేను గూడ లేను.
తొమ్మిదోదే ఉంచిన.

గల్లీకి ఎట్ల తెలిసిందో,
నేనైతే ఎవ్వరికీ చెప్పలే.
విమల గేటు కాడ స్టూలేసుకొని,
లోపల పసిపిల్ల పడుకున్నట్టు పెదవి మీద వేలుపెట్టి
కూరగాయల బండిని ఆపేది.
వంకాయలు గూడ సైగలతోనే బేరమాడింది.
పోరగాండ్లు క్రికెట్టును మైదానానికి మార్చిన్రు.
అన్వర్ స్కూటరును మూల దాకా తోసుకపోయి స్టార్టు చేసేటోడు.
దేనికోసం మూగగ ఉన్నరో వాళ్లెవ్వరూ వినలే.
శబ్దమంతా నా హెడ్‌ఫోన్లల్ల.
బయటికి ఏమన్న వచ్చి ఉంటే
బొంత వెనక దోమ మూలిగినంత.

"ఏ భాషల పాటలు?" అని డ్యూటీల బోర్కుటే అడిగిండు.
మాటలుండవన్న, గిటారొక్కటే అన్న.
ఆలోచించి,
"మరి మాటలెప్పుడు పెడ్తవ్?" అన్నడు.

వానలు పడేలోపు ఏడు ముక్కలైనయి.
పేర్లు పెట్టుడే కష్టమైంది.
ఒకదానికి 'మూడో షిఫ్టు', ఒకదానికి 'వర్ధల లారీ కడుగుడు',
నాలుగోదానికి ఏమీ తోచక తారీఖు పెట్టిన.
నెట్‌ల ఎక్కించిన నెలకు ముప్పై నాలుగు సార్లు మోగింది,
అందుల పందొమ్మిది సార్లు నేనే.

ఒక పొద్దుమీకి పక్కింటి వాసేకర్ కాకూ వచ్చి
గడప అవతల నిలబడి చెయ్యి చాపింది,
"దే, నా చెవుల గూడ పెట్టు."
కండ్లు మూసుకోలే, తల ఊపలే,
గ్యాస్ కంపెనీ క్యాలెండరు చూసుకుంట విన్నది.
నాలుగో ముక్క సగంల నా మణికట్టు పట్టుకున్నది.
"ఆగు. అది నా కుక్కర్."

నలభై సార్లు దిద్దిన ముక్క. నాకెన్నడూ వినబడలే.
వెనక్కి పోయి, వాల్యూం పెంచి, మళ్లా పోయి,
రెండు నిమిషాల పదిహేడో సెకను కాడ
బొంతను దాటి, నూలు చీరలను దాటి
సన్నగ ఒకటి.
కొంచెం ఆగి ఇంకోటి,
నా శ్రుతికి జరంత పైన.

"మూడోది రాదు, వెతుకకు" అన్నది కాకూ
హెడ్‌ఫోన్లు తీసి నా చేతుల పెట్టుకుంట.
"నువ్వు వాయిస్తున్నవని రెండు విజిళ్లకే స్టవ్ ఆపేసిన.
ఆ పూట మా ఇంట్ల పప్పు పలుకుగనే తిన్నం."