మోసేది

తోక చివరి వెంట్రుకలు పీకాలి, కుదుళ్ళతో సహా.
కత్తిరిస్తే పనికిరావు.
కుదురుకి అంటుకున్న ఆ తెల్లటి చుక్కలోనే
అమ్మమ్మలూ తాతలూ ఉంటారు.
ఈ మాట అత్తాపూర్ కొట్టంలో మొదటిసారి చెప్పినప్పుడు
ఎవరూ నవ్వలేదు.
గేదె మాత్రం కాలు జాడించింది.

మార్చిలో అక్కడొక దూడ పుట్టింది.
ముందరి కాళ్ళు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాయి,
రాస్తున్నవాళ్ళు వాక్యం మధ్యలో లేచి వెళ్ళిపోయినట్టు.
మూడు రోజులు పాలు తాగింది, బాగానే తాగింది.
నేను వెళ్ళేసరికి గోనెపట్టా మీద ఇంకా వెచ్చగా ఉంది.
చెవి కొసన బియ్యపుగింజంత ముక్క తీసుకున్నాను.
"గ్రహణం పట్టింది మేడం" అన్నది యాదమ్మ.
నిరుడు పుట్టినదానికీ గ్రహణమేనట.

తార్నాకలో మా ల్యాబు మూడో అంతస్తు.
కరెంటు పోయి జనరేటర్ అందుకునే పదకొండు సెకన్లు
ఫ్రీజర్ పక్కన నిలబడి ఎవరితోనూ మాట్లాడను.
రెండు వందల అరవై కోట్ల అక్షరాల్లో
ఒకే ఒక్కటి తేడా అని తేలడానికి ఏడు నెలలు పట్టింది.
అన్నంలో ఒత్తు రాలిపోతే మిగిలేది అనం.
దాన్ని ఎవరు తింటారు?

జబ్బుపడ్డదాన్ని ఎవరైనా గుర్తుపడతారు.
నా పని ఆరోగ్యంగా ఉన్నవాటిలో వెతకడం.
పటంలో మగదానికి చతురస్రం, ఆడదానికి సున్న.
రోగం ఉంటే నలుపు నింపాలి.
సగమే నింపినవాటిని వాహకాలంటుంది పుస్తకం.
చప్పల్ బజార్లో ఆ మాటంటే
బండి ఎక్కడ పెట్టారని అడుగుతారు.

దశరథ్ పహిల్వాన్ నా కాగితం వైపు చూడలేదు.
నులకమంచం మీద కూర్చుని వేళ్ళు మడిచాడు.
"దీని తల్లి నల్లరాణి. దాని తల్లి వంకరకొమ్ముది,
బక్కన్నకు అమ్మినం, మూసీ పొంగిన ఏడు.
దాని కొడుకునే అత్తాపూరోళ్ళు కొన్నరు..."
ఐదు తరాలు. చాయ్ వచ్చినప్పుడు తప్ప ఆగలేదు.
రెండేళ్ళుగా ఖాళీగా పడున్న గడులు
నా పెన్సిల్ అందుకోలేనంత వేగంగా నిండాయి.
ఏటికి చెరోపక్కనున్న రెండు కొట్టాలూ
వంకరకొమ్ము గేదె దగ్గర కలిశాయి.

కలిశాయని నాకంటే ముందే అతనికి తెలిసింది.
వేళ్ళు మడిచినవి మడిచినట్టే ఉన్నాయి.

వెనకాల కోహినూర్ నెమరేస్తోంది.
నూనె రాసిన నలుపు, వెన్ను మీద ట్యూబ్‌లైటు జారుతోంది.
దాటుకు ఐదువేలు. ఇంటి పైఅంతస్తు దానిదే అంటారు.
"దానికి రోగం లేదు. మోస్తోంది, అంతే" అన్నాను.
"మోసుడు దానికేం కొత్త."
కొంచెంసేపయ్యాక, "పేరు రాసిన్రా?"
"రాయలేదు. రెండొందల పదమూడు అని రాశాను.
కానీ ఆ కొట్టాలవాళ్ళకు తెలియాలి. తెలియకపోతే మళ్ళీ పుడతాయి."
గ్లాసులో అడుగున మిగిలిన చాయ్ పారబోశాడు.
"సదర్‌కు తీస్కపోవచ్చునా?"
"తప్పకుండా."

దీపావళి మరునాడు రాత్రి నారాయణగూడ.
డప్పులు, గవ్వల పట్టీలు, కొమ్ముల మీద నెమలీకలు.
పహిల్వాన్ చెయ్యి పైకెత్తితే
కోహినూర్ వెనకకాళ్ళ మీద నిలబడింది.
జనం కొమ్ములవైపు చూసి ఈలలేశారు.
నేను గాలిలో మడిచి ఉన్న మోకాళ్ళు చూశాను.
వాటికింద, అనుకున్న చోటే, రెండు గిట్టలు.
ఎవరి మోచెయ్యో తగిలి నా కళ్ళజోడు పడిపోయింది.

పదిరోజుల తర్వాత ల్యాబు గేటు దగ్గర
వాచ్‌మన్ నాకొక ప్లాస్టిక్ సంచి ఇచ్చాడు.
పందొమ్మిది పొట్లాలు, ఉర్దూ పేపర్‌లో కట్టినవి.
ఒక్కోదాని మీద బాల్‌పెన్నుతో, పెద్ద అక్షరాలతో:
అత్తాపూర్ బుడ్డది. లంగర్‌హౌజ్ తెల్లమచ్చది.
జియాగూడ, పెద్దామె. బక్కన్న మనవనిది.
విప్పాను.
అన్నీ తోక వెంట్రుకలే.
అన్నీ శుభ్రంగా, ఒకే కొలతలో,
కత్తెరతో కత్తిరించినవి.

పొట్లాల మీది పేర్లు నోట్‌బుక్కులో ఎక్కించుకుని
అత్తాపూర్ బస్సు ఎన్నింటికో కనుక్కున్నాను.